గోలీలు మరిచిన రాత్రి

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు... నా కడుపులో ఉన్న ఈ కిడ్నీ మీద ఒట్టు. అది నాది కాదు. చనిపోయిన మనిషెవరిదో. ఎవరని అడిగితే దవాఖానలో చెప్పలేదు.

అది పెట్టినప్పటి నుంచి నాకు సరిగా నిద్ర లేదు. మాటిమాటికీ ఒంటికి లేవాలి. అన్నిటికంటే భయం ఒకటి. రాత్రి వేసుకునే మందు గోలీలు తప్పితే, ఒళ్లు దాన్ని పరాయిదని తోసేస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

మాది నర్సింహులపేట దగ్గర పల్లె. మిర్చి కల్లంలో ఆరబోసిన రోజులు. కాపలాకు పోతూ నా భర్త గడపలో ఆగాడు.

"నీకెట్లాగూ నిద్ర రాదు గదా, కల్లం కాడ నువ్వు పండుకో. నేనింట్ల గుర్రు పెడత."

"పోతగానీ, ఆ ఘాటుకు తుమ్మి కుట్లు ఊడితే నువ్వే కుట్టాలె."

నవ్వాడు. "గోలీలు యాదిమరువకు మరి." నా ఫోన్‌లో గంట మోగేలా పెట్టి పోయాడు.

కాసేపటికి కరెంటు పోయింది. మంచం మీద నడుం వాల్చాను. అంతే... ఎన్నాళ్లకో, ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

"లక్ష్మక్కా..."

కళ్లు తెరిచాను. చీకటి. ఆడమనిషి గొంతు. చిన్న వయసు. తలుపు బయట కాదు... మంచం పక్కనే.

పలకబోయి నోరు మూసుకున్నాను. మా దగ్గర రాత్రిపూట ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకరు. మనుషులైతే మూడోసారి పిలుస్తారంటారు.

కుక్కల అరుపు కూడా లేదు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది... ఇంకో ఊపిరి కూడా ఉందా? చేయి దానంతటదే పొత్తికడుపు మీదికి, కుట్ల గీత మీదికి పోయింది. దాని కింద టక్... టక్... అని కొట్టుకుంటోంది.

"లక్ష్మక్కా, లేవవా..."

ఆ గొంతులో కోపం లేదు. బతిమాలినట్టుంది. మూడో పిలుపు కోసం ఆగాను. చాలాసేపు ఆగాను. రాలేదు.

అలా పడి ఉండగానే తట్టింది... గోలీలు వేసుకోలేదు. ఫోన్ చార్జింగ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. తడుముకుంటూ లేచి వేసుకున్నాను. ఆ చీకట్లో చెంబులో నీళ్లు సగం మెడ మీదే పోయాయి. అప్పటికే తొలికోడి కూసింది.

తెల్లారాక వసారాలో పడుకున్న అత్తమ్మను అడిగాను. "రాత్రి నన్ను లేపినవా?"

"నాకేం పనే లచ్చీ? ఇన్నొద్దులకు పండుకున్నవని దగ్గు సుత బిగబట్టిన."

ఊరంతటికీ నేను లచ్చినే. లక్ష్మక్క అని పిలిచింది దవాఖానలో నర్సమ్మలు మాత్రమే.

రక్తపరీక్షలో కిడ్నీకి ఏమీ కాలేదని వచ్చింది. నా భర్త ఊపిరి పీల్చుకున్నాడు. "కల వడ్డది తీ. కలే లేపిందనుకో, మంచిదే గదా."

అయ్యుండొచ్చు. వెళ్లినప్పుడల్లా డాక్టరమ్మ అడుగుతుంది, నిద్ర పడుతోందా అని. లేదమ్మా అంటాను. ఎందుకో చెప్పను. కళ్లు మూతపడుతుంటే ఒకటే ఆలోచన... నా మీద జాలితో లేపిందా, తనది నా దగ్గర ఎట్లా ఉందో చూసుకోవడానికి వచ్చిందా?

అంతే, నిద్ర ఎగిరిపోతుంది.