పొలమారినప్పుడు

1974 వేసవిలో బెజవాడలోని ఒక మిషన్ ఆసుపత్రిలో నన్ను మగవాళ్ళ మెడికల్ వార్డుకి స్టాఫ్ నర్సుగా వేశారు. పక్షవాతం కేసులన్నీ ఆ వార్డుకే వచ్చేవి. మందులు రాయడం డాక్టరు గారి పని. తినడం, కూర్చోవడం, లేవడం రోగి చేత మళ్ళీ చేయించడం మా పని.

ఉయ్యూరు దగ్గర చెరుకు రైతు వెంకటరత్నం గారికి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. మింగే శక్తీ తగ్గింది. ముక్కులోంచి ఆహారం పంపే గొట్టం తీసిన కొత్తలో మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం ముంచుకొచ్చింది. అది తగ్గాక డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడన్నారు.

ఆయన భార్య అనసూయమ్మ గారు భర్తని పసిబిడ్డలా చూసుకునేవారు. ఆయన పడుకుని ఉండగానే నోటికి గ్లాసు అందించేవారు. పొలమారితే నడినెత్తిన తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారండీ, మన పెద్దమ్మాయే అయ్యుంటుంది" అని మురిసిపోయేవారు. మన ఇళ్ళలో అందరం చేసేదే. ఆ మంచం మీద మాత్రం అది ప్రాణం మీదకి తెచ్చే దగ్గు. పడుకోబెట్టి తాగించొద్దని ఎంత చెప్పినా సరేననేవారు, నేను అటు తిరగ్గానే మళ్ళీ గ్లాసు ఎత్తేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక లాభం లేదని ఆయనకే నేర్పడం మొదలుపెట్టాను. నిటారుగా కూర్చోవాలి. గడ్డం గుండెకి ఆనించాలి. చిన్న గుక్క మింగాక, మళ్ళీ ఒట్టి గుటక వేయాలి. ముందు చిక్కటి జావతో సాధన. చెంచా ఎడమ చేతికిస్తే మొహం తిప్పేసుకున్నారు. ఎడం చేత్తో తినడమా! "అది వచ్చేదాకా ఇదే కుడిచెయ్యి అనుకోండి బాబాయి గారూ" అన్నాను. ఆ పూట పస్తున్నారు. మర్నాడు చెంచా పట్టుకున్నారు.

డిశ్చార్జి నాటి ఉదయం నేను వార్డు గుమ్మంలో ఉన్నాను. ఆయన వెల్లకిలా పడుకుని ఉన్నారు, అనసూయమ్మ గారు గ్లాసు వంచుతున్నారు. పరిగెత్తినా అందుకోలేను.

ఆయన ఎడమ చేత్తో గ్లాసుని అడ్డుకున్నారు.

"అదేంటండీ, నా చేత్తో ఇస్తే వద్దా?" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆయన చెయ్యి తియ్యలేదు. లేపమని కళ్ళతో దిండు వైపు చూపించారు. ఆవిడ లేపి కూర్చోబెట్టారు. గడ్డం దించి గుక్క తాగారు, మింగారు, మళ్ళీ గుటక వేశారు. నెత్తిన తట్టడానికి ఆవిడ చెయ్యి అలవాటుగా లేచింది. దగ్గు రాలేదు. ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఇంటికెళ్ళాక నర్సు ఉండదు, ప్రేమగా గ్లాసు అందించే చేతులుంటాయి. వాటిని ఆపగలిగేది రోగి ఒక్కడే. ఆ తరవాత మాట పోయిన ప్రతి రోగికీ నేను మొదట నేర్పింది, వద్దని సైగ చేయడం.