ల్యాబు తెర మీద మాయమైన పేర్లు

2022 వానాకాలం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లోని చిన్న ల్యాబులకు, దుకాణాలకు కంప్యూటర్ల బాగోగులు చూడటం నా పని. ఆ రోజు స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక ప్రింటర్ విప్పుకుని కూర్చున్నాను. మరిపెడలో రక్తపరీక్షల ల్యాబు నడిపే విజయక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, పేర్లన్నీ పోయినయ్! పొద్దున కొత్త కంప్యూటర్ పెట్టిచ్చినం. గిప్పుడు సూస్తే అన్నీ పిచ్చి గీతలే."

ఆ ల్యాబు రికార్డులు ఒక పాత సర్వర్‌లో ఉంటాయి. దాన్ని మన కంప్యూటర్ నుంచి తెరిచి చూపించే సాఫ్ట్‌వేరే టెర్మినల్ ఎమ్యులేటర్. చీటీలు, నంబర్లు ఇచ్చే అలవాటు అక్కడ లేదు. "ఫలానా తండా, ఫలానా వాళ్ల బిడ్డ" అంటే చాలు, తెలుగులో ఎక్కించిన ఆ పేరు చూసి అక్క రిపోర్టు ఇస్తుంది. నాకు ఆ పద్ధతి ఇష్టమే. కాని ఆ రోజు అది పీకల మీదికి తెచ్చింది. జ్వరాల కాలం. రిపోర్టుల కోసం నలుగురు తండ్రులు వచ్చి కూర్చున్నారు, పిల్లలేమో తండాల్లో ఉన్నారు. ఒక రిపోర్టులో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని అక్క చెప్పింది; అంకెలు కనబడుతున్నాయి, పేరే చదవరాదు. ఆ బిడ్డను వెంటనే వరంగల్ తీసుకుపోవాలి. ఎవరి బిడ్డో తెలియదు.

"ఆగు, పేర్లు మల్ల టైపు జేస్త," అంది అక్క.

స్క్రూడ్రైవర్ పక్కన పడేసి అరిచాను. "వద్దక్కా! కీబోర్డు ముట్టకు. పాత పేర్ల మీద ఎక్కిస్తే నిజంగనే పోతయ్. జర తెర మీద ఏం కనవడుతున్నదో చెప్పు. ప్రశ్న గుర్తులా?"

"కాదు. ఇంగ్లీషు ఏ, దాని నెత్తిన గీత. పక్కకు చిన్న సున్నా. మల్ల గదే ఏ, మల్ల గదే. ఏందిది, ఎవడో చేతబడి చేసినట్టు!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రశ్న గుర్తులే వచ్చి ఉంటే పేర్లు నిజంగా చెరిగిపోయాయేమోనని భయపడాల్సి వచ్చేది. తెలుగు అక్షరం ఒక్కొక్కటి సర్వర్‌లో మూడు సంఖ్యలుగా ఉంటుంది, మొదటి సంఖ్య ఎప్పుడూ ఒకటే. వాటిని ఏ లిపిగా చదవాలో చెప్పేది క్యారెక్టర్ సెట్. కొత్త కంప్యూటర్ ఆ సంఖ్యలను ఐరోపా అక్షరాలుగా చదువుతోంది, అందుకే అదే ఏ పదే పదే వస్తోంది. అంటే పేర్లు భద్రంగానే ఉన్నాయి. కంప్యూటర్ అమ్మిన దుకాణం నుంచి వచ్చి బిగించిన మహానుభావుడు ఇంగ్లీషు కనబడగానే చేతులు దులుపుకుని పోయాడన్నమాట.

"అక్కా, సెట్టింగ్స్‌ల ట్రాన్స్‌లేషన్ అని ఉంటది. అండ్ల తెలుగును తెలుగులెక్క చదివే యూటీఎఫ్-8 పెట్టి, రికార్డులు మల్ల తెరువు."

మౌసు చప్పుళ్లు వినబడ్డాయి.

"వచ్చినయ్... వచ్చినయ్ తమ్ముడూ!" అని, నన్ను ఫోన్‌లోనే మరిచిపోయి తండ్రుల వైపు అరిచింది. "సక్రూ నాయక్ ఎవరే? నీ బిడ్డ మౌనికనే. జల్ది వరంగల్ దవాఖానకు తీస్కపో. ఆటో గాదు, కారు మాట్లాడుకో!"

నేను ప్రింటర్ పక్కనే చతికిలబడి నవ్వాను. కళ్లు కూడా తడిశాయి, దాచుకోవడం దేనికి. మౌనిక కోలుకుని ఇల్లు చేరిందని తర్వాత అక్కే ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడు ఎక్కడ కొత్త కంప్యూటర్ పెట్టినా, తెర మీద ఒక తెలుగు పేరు పైకి చదివాకే కుర్చీలోంచి లేస్తాను. చాదస్తమని నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ పేరు ఎవరి ప్రాణమో మనకు తెలియదు.