మా మరిది గుండుకి పెట్టిన మెరుగు

మా చెల్లెలి మొగుడు ఇనుప గుండు విసరడంలో ఛాంపియన్. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకి రోజూ అతనే చెప్పుకుంటాడు.

మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడే సంచిలోంచి ఆ గుండు తీసి మా బల్లమీద పెట్టాడు. బల్ల కాలు విరిగింది. మా నాన్న నోరెళ్ళబెట్టి "అబ్బ, ఎంత బలం!" అన్నాడు. బల్ల విరగ్గొట్టినవాణ్ణి మెచ్చుకుని పిల్లనిచ్చిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయి ఉంటుంది.

పంపులు తయారుచేసే ఫ్యాక్టరీవాళ్ళు తమ పేరుమీద గుండు విసరడానికి అతన్ని పనిలో పెట్టుకున్నారు. పేరుకి మెషిన్ షాపులో ఉద్యోగం. అక్కడున్న మిషన్లలో అతను ముట్టుకున్నది పాలిష్ చక్రం ఒక్కటే. దానిమీదయినా పంపు సామాను పెట్టిన పాపాన పోలేదు, తన గుండే పెట్టేవాడు. మిగతా ఆటగాళ్ళ గుండ్లు మట్టిగొట్టుకుని ఉంటే ఇతనిది అద్దంలా మెరవాలి. అందులో చూసి మీసం దువ్వుకోగా నేను కళ్ళారా చూశాను.

చక్రం చాలక ఇంటికొచ్చి కూడా పెరట్లో పీట వేసుకుని, బేసిన్లో నీళ్ళు పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దేవాడు. మా చెల్లి పిల్లల్ని కూడా అంత శ్రద్ధగా తోమి ఎరగదు.

"ఏం మరిదీ, నీళ్ళు నల్లగా దిగుతున్నాయి. నీ గుండు కరిగిపోతోందా ఏంటి?" అన్నాను ఒకరోజు.

"ఇనుము కరుగుతుందా వదినా! అది మురికి. ఆట సంగతులు నీకు తెలీవులే."

"నాకేం తెలుస్తుంది! రోజూ తోమే గుండుకి రోజూ అంత మురికి ఎక్కణ్ణుంచి వస్తోందో మరి."

"ఊరుకో అక్కా, ఆయనకి కోపమొస్తుంది" అంది చెల్లి, నల్లబడిన తువ్వాలు పిండుతూ. దాని బతుకంతా ఆయనకి కోపం రాకుండా చూడటంతోనే సరిపోయింది.

పోటీకి ముందు ఎవరి గుండు వాళ్ళు కాటామీద పెట్టి తూకం చూపించాలి. తక్కువుంటే తేలిగ్గా ఎక్కువ దూరం పోతుంది కదా, అందుకని. మా మరిదికి అది పరువు తక్కువ. "ఛాంపియన్ గుండుకి తూకమా? నన్ను దొంగననుకుంటున్నావా?" అని కళ్ళెర్రజేసేవాడు. ఆ మెడా ఆ భుజాలూ చూసి కాటా దగ్గరి మనిషి "మీదెందుకులెండి సార్" అని పక్కకి తప్పుకునేవాడు. ఏళ్ళతరబడి ఇదే వరస.

వయసు ఎవరికోసం ఆగుతుంది? మోకాలు పట్టేసింది, కుర్రాళ్ళు మించిపోసాగారు. మేనేజరు పిలిచి తేల్చి చెప్పేశాడు: ఈ ఏడు గ్రౌండు రికార్డు బద్దలు కొడితే కోచ్ ఉద్యోగం. లేదంటే మెషిన్ షాపులో అందరితోపాటు ఒళ్ళు వంచి పని చేయాలి. కోచ్ అంటే చెట్టునీడన కుర్చీ, మెడలో విజిల్, "సార్, సార్" అనే పిల్లలు. అది తప్పితే బతకలేడు. తిండి మానైనా ఆ గుండు తోమాడు.

పోటీ రోజు మేమూ వెళ్ళాం. పాత రికార్డు దగ్గర చిన్న జెండా పాతి ఉంది. మా మరిది తన వంతు రాగానే గుండుని దవడ కింద ఆనించుకుని, గిర్రున తిరిగి, ఒక్క అరుపు అరిచి విసిరాడు. జెండా దాటి మూరెడు అవతల పడింది. అబద్ధమెందుకు, నేనూ లేచి నిలబడ్డాను. ఫ్యాక్టరీ జనం ఈలలు వేశారు. మేనేజరు చేయి కలపడానికి మెట్లు దిగుతున్నాడు.

అప్పుడు రిఫరీ పిల్ల, బక్కపల్చటిది, కొత్తగా వచ్చిందట, గుండు తీసుకుని కాటా దగ్గరికి నడిచింది.

"ఏంటమ్మా అది?" అన్నాడు మరిది.

"రికార్డయితే విసిరిన గుండు మళ్ళీ తూచాలండి."

"నేనెవరో తెలుసా నీకు?"

"మీరెవరో కాటాకి తెలీదు కదండీ" అంది ఆ పిల్ల.

గుండు తక్కువ తూగింది. మోసగాడు లోపల ఇనుము దొలిచి తీసేసినంత తక్కువేం కాదు. తోమితోమి అరగదీసినంతే. అంత తక్కువకి గుండు బెత్తెడు ఎక్కువ పోతుందేమోగానీ మూరెడు పోదని అక్కడున్న ఆటగాళ్ళే అన్నారు. అంటే సరైన గుండయినా రికార్డు అతనిదే. చేతిలో ఉన్న బలాన్ని చేజేతులా బేసిన్లో కడిగి పారబోసుకున్నాడు. చేతకాక ఓడినవాణ్ణి చూస్తే నాకు జాలి. ఇతన్ని చూస్తే ఒళ్ళు మండింది.

"ఇంకో వంతుంది సార్. గ్రౌండు గుండుతో విసరండి. పేరు పిలిచాక నిమిషంలోపే విసరాలి" అంది రిఫరీ.

మనిషిలో సత్తా ఇంకా ఉంది. పేరు పిలిచారు. వలయంలోకి వెళ్ళాడు. గ్రౌండు గుండు తుప్పుపట్టి, బురద పూసుకుని ఉంది. దాన్ని చూసి ముఖం అష్టవంకర్లు తిప్పాడు. నడుముకున్న తువ్వాలు తీశాడు. తుడవడం మొదలుపెట్టాడు.

"విసరండి!" అని అరిచింది చెల్లి. పెళ్ళయ్యాక అది మొగుడిమీద గొంతెత్తడం అదే మొదలు.

"ఉండవే, ఈ దరిద్రాన్ని మెడకి ఎలా ఆనించుకోను?" అని ఇంకో పక్కకి తిప్పి రుద్దాడు. ఊది, మళ్ళీ రుద్దాడు.

రిఫరీ ఎర్రజెండా ఎత్తింది. నిమిషం అయిపోయింది. గుండు అతని చేతిలోనే ఉంది, కాస్త మెరుస్తూ.

మేనేజరు అన్నమాట మీదే నిలబడ్డాడు. ఇప్పుడు మా మరిది పొద్దున్నించి సాయంత్రందాకా పాలిష్ చక్రం దగ్గర నిలబడి పంపుల మూతలకి మెరుగు పెడుతున్నాడు. మొన్న వాళ్ళింటికి వెళ్తే, అద్దాల బీరువాలో ఉన్న తన పాత గుండు వైపు చూసి నిట్టూర్చాడు.

"ఆ రోజు ఆ గ్రౌండు గుండు శుభ్రంగా ఉండుంటేనా వదినా..."

"ఉంటే విసిరేవాడివా?"

"విసిరేవాణ్ణే. అయినా పేపర్లో ఫోటో పడేది కదా, ఆ తుప్పుతో ఏం బాగుంటుంది?"

నేను చెప్పులేసుకుని వచ్చేశాను.