రాశి దగ్గర దాచిన సంచి

పసుపు ఉడికేటప్పుడు కడాయి దగ్గరి మనిషి కదలకూడదు. నురగ పొంగి, వాసన మారగానే కొమ్ములు తీసెయ్యాలి. మా ఇంట్లో ఆ పని నాది. తొంభైల మొదట్లో ఒకరోజు మూత్రానికని గట్టు వెనక్కి వెళ్లాను. ధార లేదు, చుక్కలు చుక్కలుగా వస్తోంది. కాళ్లు కడుక్కుని తిరిగొచ్చేసరికి కొమ్ములు మెత్తబడిపోయాయి.

"యాడికి పోయినవ్ గింత సేపు?" అంది నా భార్య గంగమణి. సిగ్గుతో ఏదో అబద్ధం చెప్పాను.

పసుపు దేవుడికి పోయే సరుకు. మూత్రానికి వెళ్లిన కాళ్లతో, కడుక్కోకుండా పసుపు రాశి దగ్గరికి రాకూడదని మా పట్టింపు. "గిట్ల కడుగుతే కాళ్లు అరుగుతయే అన్నా" అని ఆర్మూర్ మార్కెట్‌లో హమాలీలు ఆటపట్టించేవారు. మాటిమాటికీ వెళ్లొచ్చి కాళ్లు కడగలేక నీళ్లు తాగడమే తగ్గించాను. అన్నిసార్లు వెళ్తున్నాను కదా, లోపల ఏమీ మిగలడం లేదనుకున్నాను. నొప్పి లేనిదానికి దవాఖాన దేనికని రెండేళ్లు గడిపాను.

ఆ తర్వాత పాదాలు వాచాయి. అన్నం చూస్తే వాంతి. నిద్రలో పక్క తడుస్తోంది. గంగమణి నా మాట వినకుండా నిజామాబాద్ బస్సెక్కించింది.

డాక్టర్ బొడ్డు కింద నొక్కి చూసి, "ఇది పొట్ట కాదు, నిండిన బ్లాడర్" అన్నాడు. స్కానింగ్ చూశాక ఇంకా నెమ్మదిగా మాట్లాడాడు. "ప్రోస్టేట్ పెరిగి దారి మూసింది. బ్లాడర్ అవుట్‌లెట్ అబ్‌స్ట్రక్షన్ అంటరు. మూత్రం వెనక్కి తన్ని రెండు కిడ్నీలు వాచినయి. హైడ్రోనెఫ్రోసిస్."

"నొప్పైతే లేదు గద సార్."

"మెల్లగ వాస్తే నొప్పి తెల్వదు. రక్తంల క్రియాటినిన్ చాలా ఎక్కువుంది, కిడ్నీలు సరిగ వడకడ్తలేవు. ఇంకొన్ని రోజులాగితే డయాలిసిస్సే."

మూత్రం బయటికి తీసే గొట్టం, కాథెటర్ వేశారు. దానికి తగిలించిన సంచి నిండింది, ఖాళీ చేస్తే మళ్లీ నిండింది. ఇంత మూత్రం లోపల పెట్టుకుని తిరిగానా అని భయమేసింది. కిడ్నీలు తేరుకున్నాక ఆపరేషన్ అన్నారు. పంపేముందు డాక్టర్ రెండుసార్లు చెప్పాడు: "సంచి ఎప్పుడూ నడుముకంటే కిందనే ఉండాలె."

అంతలో మా పసుపు మార్కెట్‌కు వచ్చింది. మూత్రం సంచితో రాశి పక్కన కూర్చుంటే మా సరుకు ఎవరు ముట్టుకుంటారు? సంచిని కడుపు మీదికి లాగి, తువ్వాలతో బిగించి, పైన చొక్కా వేసుకున్నాను. పొద్దంతా అలాగే కూర్చున్నాను. ఎవరూ కనిపెట్టలేదని లోలోపల మురిసిపోయాను కూడా.

తిరుగు బస్సులోనే చలి మొదలైంది. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది, నా మాట నాకే అర్థం కావడం లేదు. మళ్లీ అదే దవాఖాన.

"రాశికాడ కనవడొద్దని కడుపు మీద కట్టుకున్నడు సార్" అని గంగమణి చెప్పింది.

డాక్టర్ సెలైన్ పెట్టమని నర్సుకు చెప్పి ఆమె వైపు తిరిగాడు. "మూత్రం మళ్ల కిడ్నీలకే మర్లింది. ఇన్‌ఫెక్షన్ రక్తంల కలిసింది. రెండు రోజులు గడిస్తేనే ఏమన్న చెప్తా."

గంగమణి నా మంచం పట్టె పట్టుకుని, "రాశికి మైల అంటొద్దని నా పసుపు కుంకుమ తీస్తవా?" అంది. ఆ రెండు రోజుల్లో నాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే.

బతికాను. రెండు నెలలకు హైదరాబాద్‌లో, పెరిగిన ప్రోస్టేట్‌ను మూత్రం దారిలోంచే చెక్కి తీసే టీయూఆర్‌పీ ఆపరేషన్ అయింది. ధార వచ్చింది. కానీ ఎడమ కిడ్నీ తేరుకోలేదు, ఎండిపోయింది. కుడిది ఎన్నాళ్లు లాగుతుందో డాక్టర్ చెప్పడు, నేను అడగను. మూడు నెలలకోసారి వచ్చే రక్తపరీక్ష కాగితాన్ని ఇప్పటికీ వెంటనే విప్పను, మడిచి జేబులో పెట్టుకుంటాను. కడాయి దగ్గర ఇప్పుడు గంగమణి కూర్చుంటోంది.

ధార సన్నబడినా, వెళ్లొచ్చిన వెంటనే మళ్లీ వెళ్లాలనిపించినా స్కానింగ్ చేయించుకోండి. సంచి పెడితే కిందనే వేలాడనివ్వండి, చూసేవాళ్లు చూస్తారు.

పోయిన వారం మార్కెట్‌లో కమ్మర్‌పల్లి రైతు ఒకాయన కుళాయి దగ్గర మాటిమాటికీ కాళ్లు కడుగుతున్నాడు. పక్కకు పిలిచి, ధార మంచిగ వస్తోందా అని అడిగాను.

"జర తక్కువనే వస్తుందన్నా" అని నవ్వాడు. "ఫికర్ లేదు, నొప్పైతే లేదు."

నిజామాబాద్ బస్సెక్కించేదాకా నేను ఆయన చెయ్యి వదల్లేదు.