పదిహేడో నంబరు ఆల్చిప్ప

మునస్వామిని ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. "సెలవు పెట్టకుండా వెళ్ళి, తాగి పడుకుని, పరిశోధనకు ఉంచిన జీవాల మరణానికి కారకుడైనందున తొలగించడమైనది." అందులో నిజం ఒక్కటే. జీవాలు చచ్చాయి.

తిరుపతిలో ఒక కాలేజీ. పేరు రాయను. అక్కడ జువాలజీ ల్యాబులో మునస్వామి పద్నాలుగేళ్ళు అటెండరుగా చేశాడు. దినకూలీ కింద చేరాడు. పర్మినెంటు చేస్తాం, చేస్తాం అంటూ అన్నేళ్ళూ నెట్టుకొచ్చారు. సొంతూరు వడమాలపేట దగ్గర పల్లె, అక్కడ రెండెకరాల శెనక్కాయ చేను. నేను అదే కాలేజీలో బీఎస్సీ రెండో ఏడు మధ్యలో మానేశాను. కప్పను ఎక్కడ కోయాలో నాకు చూపించింది లెక్చరర్లు కాదు, మునస్వామి.

సారంగపాణి ఆ ల్యాబులో లెక్చరరు. డాక్టరేటు వస్తేనే పై మెట్టు ఎక్కుతాడు. ఆయన ఎంచుకున్న విషయం మాత్రం మంచిది, అది ఒప్పుకోవాలి. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ సముద్రం దాన్ని పీల్చుకుని కొంచెం కొంచెంగా పుల్లబడుతుంది. తీరం దగ్గర మురుగు చేరి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఈ రెండిటి మధ్యా ఆల్చిప్పల గతి ఏమిటి? రెండువేల సంవత్సరంలో మా దగ్గర ఆ ప్రశ్న అడిగినవాడు ఇంకొకడు లేడు.

చిక్కల్లా ఒకటే. ఆయన ఆల్చిప్పను ముట్టడు. ల్యాబులో ఏ జీవినీ చేత్తో తాకనని తల్లి అమృతవల్లమ్మకు మాటిచ్చాడట. తల్లికిచ్చిన మాట నిలబెట్టుకోవడం తప్పని నేననను. మరి ముట్టకుండా ఆల్చిప్పల మీద డాక్టరేటు ఎలా చేస్తావు? మునస్వామి చేతులతో చేస్తావు.

పదిహేను రోజులకోసారి మునస్వామి బస్సులో సూళ్ళూరుపేట పోయి, అక్కడినుంచి శ్రీహరికోట రోడ్డు పట్టుకుని పులికాట్ సరస్సు అంచున దిగేవాడు. మోకాటి లోతు బురదలో కాలి వేళ్ళతో తడిమి ఆల్చిప్పలు తీసేవాడు. తడి గోనెలో చుట్టి, ఉప్పునీళ్ళు క్యాన్లలో పట్టి, దారిలో శ్రీకాళహస్తిలో బస్సు ఆగినప్పుడల్లా గోనె తడిపి, ఒక్కటి చావకుండా తెచ్చేవాడు. ల్యాబులో గాజు తొట్లు మూడు. మొదటిదానికి రాత్రింబగళ్ళు గాలి పంపు, మిగతా రెండిటినీ దానితో పోల్చి చూడడానికి. రెండోదానిలోకి ఎల్లప్ప గోలీసోడా అంగడి నుంచి తెచ్చిన సిలిండరు గ్యాసు, నీళ్ళు పుల్లబడడానికి. మూడోదానికి దినానికి గంటసేపే గాలి. ఒక్కో తొట్టిలో అరవై. ప్రతి చిప్ప మీదా మునస్వామి కూతురు గోళ్ళరంగుతో ఒక నంబరు. వారానికోసారి మునస్వామి కొలిచి చెబుతుంటే, సారంగపాణి దూరంగా కుర్చీలో కూర్చుని రాసుకునేవాడు.

"గాలి తగ్గితే ముందు నోరు బిగబడతాయప్పా," అని మునస్వామి నాకు చెప్పేవాడు. "మనం నీళ్ళల్లో మునిగితే ఊపిరి పట్టినట్ట. అట్లనే రెండు మూడు దినాలు ఉంటాయి. తరవాత సన్నంగా తెరుస్తాయి. అప్పుడు పుల్ల పెడితే టక్కున మూసుకోవాల. మూసుకోలేదనుకో, అయిపోయినట్టే."

"మరి సోడా తొట్టివి?"

"అవి అంత బిరీన చావవు. కానీ పెంకు సూడు, చెమ్మ పట్టిన సున్నపు గోడ మాదిరి ఎట్ల పొడి రాలతా ఉండాదో. పుల్లనీళ్ళల్లో పెంకు కట్టేదానికి సరుకు దొరకదు. ఉండే పెంకే కరిగిపోతాది. సొంత ఇంటిని తానే గోకి తినేదానికంటే పాపముంటాదా?"

ఆ యేడు దసరా సెలవులు పది రోజులు. శెనక్కాయ పీకే అదను. "నువ్వు పోయి రావయ్యా మునస్వామీ, తొట్లు నేను చూసుకుంటాను" అని సారంగపాణే పంపాడు. కాగితం రాసివ్వలేదు. పద్నాలుగేళ్ళలో మునస్వామి ఎప్పుడూ కాగితం అడగలేదు. అదే అతను చేసిన తప్పు.

సెలవుల్లో సారంగపాణి కొడుకు యదునందన్ పుట్టినరోజు వచ్చింది. పిల్లవాడికి రంగుచేపల తొట్టి కొన్నారు. దానికి గాలి పంపు కావాలి. ల్యాబులో మొదటి తొట్టి పంపు ఇంటికి వెళ్ళింది. నాలుగు రోజులకు తిరిగి పెడదామనుకున్నాడేమో, మరిచిపోయాడు. ఇక్కడ అరవై చిప్పలూ నోళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాయి. ఒకటి చచ్చింది. అది కుళ్ళి, మిగిలినవాటికున్న కాస్త గాలినీ తినేసింది. మునస్వామి వచ్చి తలుపు తీసేసరికి నీళ్ళు పాలలా ఉన్నాయి. అరవై నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. పంపు ఉన్న చోట గోడకు మేకు మాత్రం ఉంది.

"సార్, పంపేది?"

"పంపేమిటి? నువ్వెక్కడికి పోయావు చెప్పకుండా?" అన్నాడు సారంగపాణి. ఆ ఒక్క మాటతో మునస్వామికి అంతా అర్థమైంది.

చచ్చినవాటిని గుంటలో పారేయమన్నారు. మునస్వామి పారేయలేదు. శెనక్కాయ రైతులకు ఒక అలవాటుంది. ప్రతి పంటలో గుప్పెడు కాయలు గుడ్డలో కట్టి, తేదీ వేసి, ఇంటి దూలానికి కడతారు. రేపు వ్యాపారి కాయ తేలిక అంటే మూట విప్పి చూపించడానికి. మునస్వామి అలాగే అరవై చిప్పలూ కడిగి, ఆరబెట్టి, గుడ్డలో మూటగట్టి, మీద తేదీ రాశాడు. అప్పుడు పగ లేదు. చెయ్యి అలవాటు. పగ మర్నాడు ఆ కాగితం చేతికొచ్చాక పుట్టింది.

ఊళ్ళో ఆ వాక్యం ముందే చేరింది. పక్క చేను చిన్నబ్బ గట్టు మీద నిలబడి అరిచేవాడు. "ఏమబ్బా మునస్వామీ, గుల్లలకు కాపలా పెడితే సారా తాగి పండుకున్నావంట? పారిపోయినాయా యేంది?" జన్మలో చుక్క ముట్టని మనిషి. మునస్వామి కలుపు తీసుకుంటూ పోయేవాడు. మూట పారేద్దామని ఒకసారి అంటే పెళ్ళాం చంద్రకాంతమ్మ కొడవలి చూపించిందట. "అది పారేస్తే నిన్ను గూడా ఆ గుంటలోనే పారేస్తా. వాడి నోటితో వాడు చెప్పాల, నేనే చంపినా అని. అందాకా ఆ మూట ఈ దూలానికే ఉంటాది."

రెండేళ్ళు గడిచాయి. నేను బస్టాండు ఎదురుగా దొరస్వామి జిరాక్సు అంగట్లో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం ఎర్ర అట్టతో థీసిస్ ఒకటి అయిదు కాపీలకు వచ్చింది. వైవాకు, అంటే నోటి పరీక్షకు, కావాలని తెచ్చినవాడు చెప్పాడు. పేరు చూశాను. సారంగపాణి. మిషను మీద పేజీలు తిప్పుతూ చదివాను. కృతజ్ఞతల పేజీలో గోలీసోడా ఎల్లప్ప పేరుంది. మునస్వామి పేరు లేదు. పట్టికల్లో మొదటి తొట్టి చిప్పలు మార్చి దాకా హాయిగా బతికాయి, నెలనెలా పెరిగాయి. అక్టోబరులో చచ్చినవి మార్చిలో పెరిగాయి! ఆరో కాపీ ఒకటి తీసి చొక్కాలో దోపుకున్నాను. దొరస్వామికి చెప్పలేదు.

ఆ సాయంత్రమే వడమాలపేట బస్సెక్కాను. మునస్వామి పట్టికలోని అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. చాలాసేపు పట్టింది.

"పరీక్ష ఎప్పుడు?"

"వైవానా? ఇరవై రెండో తేదీ. అందరి ముందరా పెడతారన్నా. ఎవరైనా పోవచ్చు, ఎవరైనా ప్రశ్న అడగొచ్చు."

"ఎవురైనా అంటే? నా మాదిరోడు గూడానా?"

"నీలాంటివాడు కూడా."

"అయితే ఇస్త్రీ చొక్కా తియ్యి మే," అన్నాడు లోపలికి చూసి.

ఇరవై రెండో తేదీ సెమినారు హాల్లో నలభై మంది ఉన్నారు. పరీక్ష పెట్టడానికి మద్రాసు నుంచి సుబ్రమణ్యం అనే పెద్దాయన వచ్చాడు. సారంగపాణి గంటసేపు బాగానే చెప్పాడు. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగారు.

"నాకొకటి ఉండాది సార్," అని మునస్వామి లేచాడు.

ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది. "ఏయ్, నిన్ను లోపలికి ఎవరు రానిచ్చారు?"

"ఉండనీండి. అందరికీ అని బోర్డు పెట్టింది మీరే కదా," అన్నాడు సుబ్రమణ్యం.

"సార్, మీ పుస్తకంలో పదిహేడో నంబరు చిప్ప మార్చి నెలలో ఎంత పొడుగుండాది?"

"ఇది సంబంధం లేని ప్రశ్న," అన్నాడు సారంగపాణి. సుబ్రమణ్యం అప్పటికే పేజీ తిప్పాడు. "నలభై ఒక్క మిల్లీమీటర్లు."

మునస్వామి మూట విప్పి ఒక చిప్ప ఏరి బల్ల మీద పెట్టాడు. ఎర్ర గోళ్ళరంగుతో పదిహేడు. "కొలవండి."

వెర్నియర్ కొలబద్ద తెప్పించారు. ముప్పై నాలుగు.

"చచ్చిన చిప్ప పెరగదు గద సార్? ఒకవేళ పెరుగుతాదా? నాకు సదువు లేదు, మీరు చెప్పండి," అన్నాడు మునస్వామి సారంగపాణి వైపు తిరిగి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

సుబ్రమణ్యం చిప్పను ముందుకు జరిపాడు. "ఇది మీదేనా, చూసి చెప్పండి." సారంగపాణి చెయ్యి చాచలేదు. "అటెండరు నంబర్లు తారుమారు చేసి ఉండొచ్చు" అన్నాడు. పెద్దాయన ఇంకోటి కొలిచాడు. ఇంకోటి. తొమ్మిది కొలిచాక వెర్నియర్ కింద పెట్టేశాడు. ప్రతిదీ పుస్తకంలో కంటే పొట్టిది.

డాక్టరేటు ఆగిపోయింది. మొదటి తొట్టి ప్రయోగం మళ్ళీ ఆరు నెలలు చేయాలి, ఈసారి ప్రతి చిప్పనూ సారంగపాణే తీసి, సారంగపాణే కొలవాలి అని రాసిపోయాడు పెద్దాయన.

బయట వేపచెట్టు కింద నేను గంతులేశాను. మునస్వామి వేయలేదు. "తారుమారు జేసినానంట సూడు. అంతమంది ముందర మళ్ళీ నా మీదికే తోసినాడు. నేనే చంపినా అన్లేదు గదా."

రెండు నెలలకు సారంగపాణి తనే వడమాలపేట వచ్చాడు. చేను గట్టున చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. ఎవరెవరితోనో రెండుసార్లు ఆల్చిప్పలు తెప్పించాడట, మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్లో తెచ్చారట, అన్నీ దారిలోనే చచ్చాయట. చంద్రకాంతమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"అయిందేదో అయింది మునస్వామీ. నువ్వొకసారి వచ్చి సాయం చెయ్యి. నీ పర్మినెంటు సంగతి ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను."

"తావు చూపిస్తా సార్. తీసేది మాత్రం మీరే. ఆ పెద్దాయన రాసింది అదే గదా."

వచ్చే ఆదివారానికి ఒప్పుకున్నారు. మునస్వామి నన్ను కూడా రమ్మన్నాడు. "ధర్మేంద్రా, వినేదానికి ఒక మనిషుండాల." బస్సులో సారంగపాణి ముందు సీట్లో కూర్చున్నాక నా చెవిలో చెప్పాడు. "మొన్నే ఒక్కడినే పోయి సూసొచ్చినా. నేను తీసే తావు పైన రొయ్యల గుంటలు తవ్వినారు. ఆ మురుగంతా దాంట్లోకే. అడుగంతా నల్లబురద, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. ఒక్క ప్రాణి లేదు."

"మరి ఆయన్ని అక్కడికే..."

"ఆడికే."

పన్నెండు గంటలకు దిగాం. ఎండ సరస్సు మీద తెల్లగా కొడుతోంది. సారంగపాణి పంచె మోకాళ్ళ పైకి దోపి బురదలో కాలు పెట్టాడు. తొడదాకా దిగిపోయాడు. మునస్వామి గట్టు మీద తుండు పరుచుకుని కూర్చున్నాడు.

"వంగండి సార్. చెయ్యి పెట్టండి. అమ్మకు చెప్పే వచ్చినారు గదా?"

ఆయన వంగాడు. మోచేతి దాకా చేతులు ముంచాడు. నల్లగా బుడగలొచ్చాయి, వాసన గట్టు దాకా కొట్టింది. పైకి తీసిన పిడికిట్లో చిప్పలున్నాయి. అన్నీ తెరుచుకున్నవే. మళ్ళీ ముంచాడు. మళ్ళీ ఖాళీవే. రెండు గంటలు తవ్వాడు. వేళ్ళు కోసుకుపోయాయి. గోళ్ళలోకి నలుపు ఎక్కింది.

"ఒక్కటి కూడా బతికి లేదేమిటి మునస్వామీ?"

"ఎట్ల చచ్చింటాయి సార్? పెద్ద సదువు సదివినారు, మీరు చెప్పండి."

"ఈ నీళ్ళలో ప్రాణవాయువు లేదు."

"గాలి లేక చచ్చినాయంటారు. మన ల్యాబులో అరవై ఎట్ల చచ్చినాయి?"

సారంగపాణి నడుము ఎత్తాడు. ముఖం నిండా బురద చుక్కలు. నన్ను చూశాడు, రోడ్డు వైపు చూశాడు. రోడ్డు మీద ఎవరూ లేరు.

"గాలి లేకనే."

"గాలి ఎవురు తీసినారు?"

సారంగపాణి కాళ్ళు ఇంకొంచెం దిగబడ్డాయి.

"నేనే. పంపు నేనే ఇంటికి తీసుకెళ్ళాను. నేనే చంపాను. నువ్వు తాగలేదు. చాలా?"

"ఇన్నావా ధర్మేంద్రా?"

"విన్నానన్నా."

మునస్వామి లేచి తుండు దులుపుకున్నాడు. బతికినవి ఎక్కడున్నాయో అతనికి తెలుసు. మైలు దూరంలో, పోటు నీళ్ళు వచ్చే చోట, నాకు బస్సులోనే చెప్పాడు. సారంగపాణికి చెప్పలేదు. బురదలోంచి ఒక్కో కాలూ పెరుక్కోవడానికి పెనుగులాడుతున్న ఆయన వైపు తిరిగి చూడకుండా రోడ్డెక్కాడు. వెనకే నేను.

"కోపం తీరిందా అన్నా?"

"మాట వచ్చింది. కోపం యాడికీ పోలే."

సూళ్ళూరుపేట బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాం. మధ్యాహ్నం మమ్మల్ని దింపిన కండక్టరే కింద నిలబడి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని సరస్సు వైపు చూస్తున్నాడు.

"ఆ బురదలో ఉండే ఆయప్ప మీతో వచ్చినోడే గదా? చెయ్యి ఊపతా ఉండాడు. ఇయ్యాల ఆదివారం, దీని తరవాత ఇంక బస్సు లేదు. రెండు నిమిషాలు ఆపేదా?"

"మావాడు కాదప్పా. పోనీ," అన్నాడు మునస్వామి.

కండక్టరు నా వైపు చూశాడు. నేనూ తల అడ్డంగా ఊపాను.

"రైట్, రైట్."