జర ఆగవ్వా

ఆ రోజుల్లో మా గడీ గోడలు కూలిపోయినా మా నడుములు మాత్రం నిటారుగానే ఉండేవి. (గోడలకంటే అవే ఎక్కువకాలం నిలిచాయి.) మాది జమ్మికుంట దగ్గర పత్తి పండే ఊరు. దసరానాడు దొర గుర్రం మీద వచ్చి మొదటి జమ్మికొమ్మ తుంచాకే ఊరు ఆ చెట్టును ముట్టుకోవాలి. గుర్రాలు పోయాక, దొరగా మా బాపు కొన్నేళ్లు నడిచే వెళ్లాడు. నాకు ఇరవై ఏళ్లు నిండిన ఏడాది సర్పంచ్ కొత్త ట్రాక్టర్ కొని, "గీసారి గుర్రం రాకుంటె మొదటి కొమ్మ నాదే" అని చాటించాడు. బాపు రెండు పూటలు అన్నం ముట్టలేదు.

నేను వెళ్లి, పెళ్లి ఊరేగింపుల్లో అరిగిపోయిన ఒక ఆడగుర్రాన్ని తెచ్చాను. నుదుట తెల్లమచ్చ ఉంది గనుక సుక్క అన్నాం. ఒకప్పుడు మా గుర్రాలను సాకిన సాయీసు తాత దాని నోరు తెరిచి చూసి తల కొట్టుకున్నాడు.

"కళ్లెం ఇనుము నమిలి నమిలి నోరంత పుండైంది. ఇగ దీని నోట్లె ఇనుము వెడితె నేను మీ గడప తొక్క, చిన్నదొరా."

"మరి ఎట్ల ఆగుతది తాతా?"

"అడిగితె ఆగుతది."

నూలుతాడు అల్లి ముక్కెముక మీద పట్టీలా వేసి, రెండు చెంపల దగ్గర పగ్గాలు కట్టాడు. నోరు ఖాళీ. బీడు చేనులో మూడు నెలలు నేర్పాడు, దానికీ నాకూ. పగ్గం గుంజకూడదు, కొంచెం పట్టి వెంటనే వదలాలి. నడుము వంచి, వదులుగా వెనక్కి కూర్చోవాలి. అప్పుడు "జర ఆగవ్వా" అనాలి. తాత అంటే చాలు, మేకు కొట్టినట్టు నిలబడేది. నేను (ఎవరూ లేనప్పుడు) గొణిగినా ఆగేది. కానీ పదిమందిలో గుర్రాన్ని అవ్వా అని బతిమాలడమా? మా వంశంలో జర అన్నవాడే లేడు. పైగా మా మేనమామ ఆ తాడు చూసి, "ఏం అల్లుడా, గుర్రానికి ముకుతాడు ఏసినవా? నాగలి గూడ కట్టరాదు!" అన్నాడు. ఆ మాటకు తట్టుకోలేక నానమ్మ పట్టుచీర జరీ అంచు కోసి తాడు కనబడకుండా చుట్టాను.

దసరా సాయంత్రం డప్పులు మోగగానే సుక్కకు పాత పెళ్లిళ్లన్నీ జ్ఞాపకం వచ్చినట్టున్నాయి. నడక పరుగైంది. జమ్మిచెట్టు రాగానే నేను ఛాతీ విరిచి "ఆగు!" అన్నాను. ఆగలేదు. రెండు చేతులా పగ్గం గుంజాను. అది అంతకంటే గట్టిగా ముందుకు గుంజింది. చెట్టు వెనకబడిపోయింది.

"దొర యాడికి వోతుండే?"

"పత్తి మార్కెట్‌కు కావచ్చు!"

అవతలి నుంచి సర్పంచ్ ట్రాక్టర్ చప్పుడు దగ్గరవుతోంది. సుక్క మళ్లీ వెనక్కి మళ్లి, నన్ను మోసుకుని చెట్టు చుట్టూ రెండోసారి తిరుగుతోంది. జనంలోంచి తాత అరిచాడు: "తాడు ఇడువు! నడుము వంచు! అడుగు చిన్నదొరా, అడుగు!"

బాపు ముఖం కనబడింది. తాడు వదిలాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి పదిమంది ముందు నడుము వంచి గొణిగాను.

"గట్టిగ! డప్పుల మోతల దానికి ఇనవడద్దా?" అన్నాడు తాత.

"జర ఆగవ్వా!" అని ఊరంతా వినేలా అరిచాను.

సుక్క ఆగింది. సరిగ్గా జమ్మిచెట్టు కింద. నేను చెయ్యి చాచేలోపే మెడ ఎత్తి, పుండు మానిన ఆ నోటితో మొదటి కొమ్మను తుంచి తాపీగా నమలసాగింది. సర్పంచ్ ట్రాక్టర్ మీదే నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఒక ముసలమ్మ, "దొరల ఇంట్ల జర అనే మాట పుట్టింది, గీయేడు దసర మంచిగైంది!" అంది. ఊరంతా నవ్వింది. బాపు మాత్రం ఆ రాత్రి కడుపునిండా తిని, "గుర్రం మనదే గదా" అన్నాడు. పోయేదాకా ఆ లెక్క మార్చలేదు.

మొన్న పత్తి మార్కెట్లో కాంటా ముందు గంటసేపు నిలబడ్డాను. నన్నెవరూ పట్టించుకోలేదు. చివరికి కాంటా మీద తూకం వేసే కుర్రాడితో, "తమ్మీ, జర సూడు" అన్నాను. అతను వెంటనే నా బస్తాలకేసి తిరిగాడు. వెనక వరుసలో మా ఊరి పెద్దాయన ఒకరు పక్కవాడితో అంటున్నాడు: "గుర్రం మంచిగ నేర్పింది దొరకు."

వెనక్కి తిరిగి, వీలైనంత నడుము వంచి నవ్వాను. (డాక్టరు కట్టిన బెల్టు అంతకంటే వంగనివ్వదు.)