ఈరమ్మ ఆదివారాలు

ఈరమ్మ రెండోసారి సింగపూరు వచ్చింది రెండువేల ఆరులో. బుకిట్ బటోక్‌లో సూర్యకుమారి గారింట్లో పని. ఆవిడ అత్తగారు మంచం పట్టారు, ఆమెని కనిపెట్టుకుని ఉండాలి. సూర్యకుమారీ, ఆవిడ భర్తా ఇద్దరూ కంప్యూటరు కంపెనీల్లో ఉద్యోగస్తులు. పొద్దున్నే వెళ్తే దీపాలు పెట్టాక గానీ ఇల్లు చేరరు.

నెలకో ఆదివారం ఈరమ్మకి సెలవు. ఆ పూట ఆమె క్లెమెంటి దాకా ఓ బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు ఎక్కి వెస్ట్ కోస్ట్ పార్కులో దిగేది. సముద్రం ఒడ్డున సిమెంటు బల్ల మీద కూర్చుని, వచ్చే పోయే ఆడపిల్లల మొహాల్లోకి తేరిపార చూసేది. తల్లులకి అనుమానం వచ్చి పిల్లల్ని దగ్గరికి లాక్కునేవారు. అయినా చూపు తిప్పుకునేది కాదు.

ఆమె వెతుకుతున్నది ప్రసన్న కోసం.

ఈరమ్మది ఉప్పాడ దగ్గర జాలర్ల పల్లె. మొగుడు దానయ్య తొంభై ఆరు తుఫానులో వేటకెళ్ళి మరి రాలేదు. శవం కూడా ఒడ్డుకి కొట్టలేదు. పిల్లా జెల్లా లేరు. ఆనాటి నుంచి ఆమె సముద్రం వైపు మొహం పెట్టడం మానేసింది. పల్లె వదిలి కాకినాడలో ఇళ్ళల్లో పనికి కుదిరింది. ఆ ఇళ్ళవాళ్ళలో ఒకరి ద్వారా దొరికింది మహీధర్, ఉజ్వలల సంసారం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయంతో బ్యాంకులవాళ్ళు మనవాళ్ళని విమానాల్లో దింపుకుంటున్న రోజులు. భార్యాభర్తలిద్దరికీ సింగపూరులో ఉద్యోగాలొచ్చాయి. పాప ప్రసన్నలక్ష్మికి మూణ్ణెల్లు. ఈరమ్మనీ వెంట తీసుకొచ్చి, క్లెమెంటి ఫ్లాటులో పాపని ఆమె చేతుల్లో పెట్టి ఇద్దరూ ఆఫీసులకి పోయేవారు.

పొద్దు వాలేసరికి పాప గుక్కపట్టి ఏడ్చేది. ఎత్తుకుని తిప్పినా, ఊయల ఊపినా ఆపేది కాదు. ఒకనాడు ఏమీ పాలుపోక, తోపుడు బండిలో పడుకోబెట్టి ఎటు పోతోందో చూసుకోకుండా నడిచింది ఈరమ్మ. దారి మలుపు తిరిగేసరికి ఎదురుగా సముద్రం. వెనక్కి తిరగబోయింది. బండిలో ఏడుపు ఆగిపోయింది. పాప కళ్ళింతలు చేసుకుని నీళ్ళకేసి చూస్తోంది.

"నీకు ఇదా కావాల్సింది, నా తల్లీ!" అని ఈరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. దానయ్య పోయినప్పుడు రాని ఏడుపు అంతా ఆ పూట వచ్చింది.

తరవాత మూడేళ్ళు, వాన పడని ప్రతి సాయంత్రమూ వాళ్ళిద్దరిదీ అదే దారి. పాప మొదటి అడుగులు వేసింది ఆ ఇసకలోనే. మొదటి మాటలు ఓడల్ని చూసే నేర్చింది. ఈరమ్మ అనడం రాక ముందు "ఈమ్మ" అంది, తరవాత అదీ పోయి ఉత్త "అమ్మ" అయింది. ఉజ్వల విన్నప్పుడల్లా "ఆంటీ అనాలి" అని దిద్దేది.

రెండువేల ఒకటిలో మహీధర్ కంపెనీ మూతపడింది. "నాలుగు రోజులు ఓపిక పట్టు ఈరమ్మా, బాగుపడగానే పిలిపిస్తాం" అని విమానం ఎక్కించారు. ఈరమ్మ పక్కింటి మేష్టారి చేత నాలుగు ఉత్తరాలు రాయించింది. జవాబు లేదు. పాపం, చెడిపోయి ఏ దేశం పట్టుకు పోయారో అనుకుంది. అయిదేళ్ళకి ఏజెంటు సింగపూరు పేరెత్తగానే, ఏం పని అని కూడా అడగకుండా వేలిముద్ర వేసింది. తీరా వచ్చి చూస్తే వాళ్ళుండే ఆ క్లెమెంటి ఫ్లాటులో ఎవరో చీనా దంపతులున్నారు. ఇక మిగిలింది ఆ ఒడ్డే.

అయిదో నెల సూర్యకుమారి అడిగింది. "సెలవు దొరికితే చాలు ఆ పార్కుకే పోతావేం? అక్కడెవరున్నారు?"

పెద్దావిడకి చెంచాతో జావ పడుతూ ఈరమ్మ అంతా చెప్పింది.

"మహీధర్ గారా? మాకు తెలిసినవాళ్ళే. మొన్న ఉగాదికి కూడా కలిశారు."

"ఈ ఊళ్ళోనే ఉన్నారా అమ్మగారూ?"

"ఎక్కడికీ పోలేదు. ఆయనకి మూణ్ణెల్లలోనే వేరే ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పెద్ద మేనేజరు."

జావ పెద్దావిడ గడ్డం మీంచి కారిపోతోంది. తుడవాలన్న స్పృహ కూడా లేదు ఈరమ్మకి.

సూర్యకుమారి ఫోను చేసింది. ఉజ్వల, ఆదివారం నాలుగింటికి పాపని పార్కుకి తీసుకొస్తానంది.

ఈరమ్మ ఒంటిగంటకే వెళ్ళి కూర్చుంది. ఒళ్ళో మామిడితాండ్ర పొట్లం. నాలుగున్నరకి వచ్చారు. ప్రసన్నకి తొమ్మిదేళ్ళు. పొడుగు కాళ్ళు, సైకిలు, తల మీద హెల్మెట్టు. దగ్గరికి లాక్కోబోతే పిల్ల బిగుసుకుపోయింది.

"మమ్మీ, హూ ఈజ్ దిస్ ఆంటీ?"

"నేనే తల్లీ, ఈరమ్మని. ఇక్కడే గదా నిన్ను నడిపించాను. ఓడ ఓడ అనేదానివి. మర్చిపోనావా?"

పిల్ల తల్లికేసి చూసింది. తెలుగు అంతంతమాత్రం. తాండ్ర చేతిలో పెడితే వాసన చూసి, "సో బ్లాక్ లా" అని సింగపూరు ఇంగ్లీషులో అనేసి, తల్లికిచ్చేసి సైకిలెక్కి పోయింది.

ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. ఉజ్వలే మొదలుపెట్టింది.

"నీ ఉత్తరాలు అందాయి ఈరమ్మా. నేనే చించేశాను. నువ్వెళ్ళాక ఇరవై రోజులు ఏడ్చింది. నేనెత్తుకుంటే కరిచేది. నువ్వు కాదు, అమ్మ కావాలి అనేది, నా మొహం మీదే. కన్నదాన్ని కదా నేను! నిన్ను పిలిపిస్తే ఇంక నా పిల్ల నాది కాదనుకున్నాను."

"ఇరవై రోజులా?" అంది ఈరమ్మ. "ఎవరు పడుకోబెట్టేవారు?"

ఉజ్వల మొహం కప్పుకుంది.

ఈరమ్మ బల్ల దిగి ఆమె కాళ్ళు పట్టుకుంది. "జీతం వద్దండమ్మగారూ. అంట్లు తోముకుంటాను, మూల పడుంటాను. నన్నేమనీ పిలవకపోయినా పర్లేదు. రోజూ ఒకసారి కనపడితే సాలు."

"లే ఈరమ్మా, అందరూ చూస్తున్నారు."

"సూడనీండి."

"నావల్ల కాదు. నన్ను క్షమించు." ఉజ్వల కాళ్ళు విడిపించుకుని పిల్లని కేకేసింది. కారు దగ్గర ప్రసన్న మర్యాదగా చెయ్యి ఊపి, "బై ఆంటీ" అంది.

ఆ సాయంత్రం ఈరమ్మ దిగాల్సిన చోట బస్సు దిగలేదు. బస్సు ఆఖరి స్టాపులో ఖాళీ అయిపోయాక కూడా సీటులోనే ఉంది. తమిళ డ్రైవరు వచ్చి, "ఎక్కడికి పోవాలమ్మా?" అని తన భాషలో అడిగాడు. ఎంతకీ పలక్కపోతే, సూర్యకుమారి మెళ్ళో వేసి పంపిన కార్డు మీదున్న నంబరుకి ఫోను చేశాడు. సూర్యకుమారి టాక్సీలో పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది ఈరమ్మా? ఎందుకు దిగలేదు?"

"ఎక్కడ దిగాలో తెలవలేదండీ."

మరుసటి నెల సెలవు రోజున, పెద్దావిడ దుప్పట్లు ఉతకాలని ఇంట్లోనే ఉండిపోయింది. ఆ పై నెలా అంతే. పెద్దావిడ మరుసటి ఏడు పోయారు. పక్క బ్లాకులో కవలలు పుట్టారని, ఈరమ్మని పంపమని ఎవరో అడిగితే సూర్యకుమారి సంతోషంగా వచ్చి చెప్పింది.

ఈరమ్మ సంచిలో చీరలు మడిచి పెట్టుకుంటోంది. తలెత్తలేదు.

"వద్దండమ్మగారూ. ముసలోళ్ళుండే ఇల్లేదన్నా ఉంటే సెప్పండి. పసోళ్ళుండే ఇంటికి మాత్రం నేనెల్లను."

పని పర్మిట్టుకి మిగిలిన ఆ వారంలో అలాంటి ఇల్లు దొరకలేదు. శుక్రవారం విమానానికి ఊరికి వెళ్ళిపోయింది.